బంగ్లాదేశ్ ‘బీర్ ప్రతీక్’ పొందిన ఏకైక విదేశీయుడు ఔడర్‌లాండ్

బంగ్లాదేశ్ విమోచన సంగ్రామంలో ప్రదర్శించిన శౌర్యానికి గుర్తింపుగా ఆ దేశ ప్రభుత్వం ‘బీర్ ప్రతీక్’ పురస్కారంతో గౌరవించిన వారిలో విదేశీయుడు ఒక్కరే ఉన్నారు. ఆయన నెదర్లాండ్స్‌లో జన్మించి, అనంతరం ఆస్ట్రేలియాలో స్థిరపడిన విలియం అబ్రహాం సైమన్ ఔడర్‌లాండ్. ఏటా డిసెంబరు 16న జరుపుకొనే విజయ్ దివస్ సందర్భంగా వెలువడే కథనాలకు ఉపకరించగలవన్న ఉద్దేశంతో ఆయన జీవిత విశేషాలను ఇక్కడ పొందుపరచడమైనది.

ఔడర్‌లాండ్ 1917 డిసెంబరు 6వ తేదీన ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో జన్మించారు. పదిహేడేళ్ల ప్రాయంలోనే బాటా పాదరక్షల సంస్థలో చిరుద్యోగిగా చేరారు. తదుపరి దేశ సైన్యంలో చేరి సంకేత విభాగంలో సార్జెంటుగా పనిచేశారు. 1940 మే నెలలో జర్మనీ సేనలు నెదర్లాండ్స్‌ను ఆక్రమించగా, ఆయన యుద్ధ ఖైదీగా పట్టుబడి, చెర నుంచి తప్పించుకొని రహస్య ప్రతిఘటనోద్యమంలో పాల్గొన్నారు. జర్మన్ భాష చక్కగా తెలిసి ఉండటంతో శత్రు సైన్యాధికారులతో చనువు పెంచుకొని, సేకరించిన సమాచారాన్ని ఉద్యమకారులకు అందజేశారు. మూడు దశాబ్దాల తర్వాత మరొక దేశంలో ఆయన అనుసరించిన మార్గం సరిగ్గా ఇదే కావడం గమనార్హం.

1970 చివరలో బాటా సంస్థ ఆయనను ఢాకాకు పంపింది. నగర శివారులోని టంగీలో ఆ సంస్థకు కర్మాగారం ఉండేది. కొద్ది నెలల్లోనే అక్కడి సంస్థకు ఆయన అధిపతి అయ్యారు. 1971 మార్చి 25 రాత్రి పాకిస్తాన్ సైన్యం ఢాకాలో ప్రారంభించిన నరమేధాన్ని ఆయన కళ్లారా చూశారు. ఐరోపాలో తన యౌవనంలో చూసిన ఘోరాలే పునరావృతమవుతున్నాయని భావించిన ఔడర్‌లాండ్, ఆ దృశ్యాలను ఛాయాచిత్రాలుగా తీసి విదేశీ పత్రికలకు చేరవేశారు.

పేరున్న బహుళజాతి సంస్థకు అధిపతి కావడంతో సైనికాధికారుల నివాసాలలోను, కార్యాలయాలలోను ఆయనకు సులభంగా ప్రవేశం లభించేది. తూర్పు పాకిస్తాన్ గవర్నరుగా ఉన్న జనరల్ టిక్కా ఖాన్, తూర్పు కమాండ్ అధిపతి జనరల్ నియాజీలతో సైతం పరిచయం పెంచుకున్నారు. కర్ఫ్యూ వేళల్లో సంచరించేందుకు అనుమతి పత్రాలు సంపాదించారు. ఆ విధంగా తెలిసిన విషయాలను ముక్తి బాహినికి, ప్రధానంగా ఢాకా పరిసరాలు కూడా భాగంగా ఉన్న రెండవ సెక్టారు యోధులకు చేరవేశారు. తన కుటుంబాన్ని విదేశానికి పంపివేసి, టంగీ కర్మాగారం ఆవరణలోనే గెరిల్లా యువకులకు శిక్షణ ఇచ్చారు. ఆహారం, మందులు, ధన సహాయం సమకూర్చారు. రహస్యం బయటపడితే ఆయన ప్రాణాలకే కాక, కర్మాగారంలోని కార్మికులకు సైతం ముప్పు తప్పేది కాదు.

యుద్ధానంతరం బంగ్లాదేశ్ ప్రభుత్వం 1973 డిసెంబరు 15 నాటి గెజిట్ ద్వారా 676 మందికి శౌర్య పురస్కారాలు ప్రకటించింది. వీరిలో బీర్ శ్రేష్ఠ 7గురికి, బీర్ ఉత్తమ్ 68 మందికి, బీర్ బిక్రమ్ 175 మందికి, బీర్ ప్రతీక్ 426 మందికి లభించాయి. మన ‘వీర’ శబ్దమే బెంగాలీ ఉచ్చారణలో ‘బీర్’ అయినది. వరుసలో నాలుగవదైనప్పటికీ బీర్ ప్రతీక్ యుద్ధవీరులకిచ్చే పురస్కారమే. బంగ్లాదేశ్ 2011 నుంచి విదేశీ మిత్రులకు ప్రదానం చేసిన గౌరవ పురస్కారాలు వేరు. ఇందిరా గాంధీకి మరణానంతరం 2011లో లభించిన సమ్మానం ఈ రెండవ కోవలోనిది. 2017 ఏప్రిల్‌లో న్యూఢిల్లీలో నాటి ప్రధాని షేక్ హసీనా కొందరు భారత అమర సైనికుల కుటుంబాలకు అందజేసిన గౌరవం సైతం బీర్ ప్రతీక్ కాదు. పాత్రికేయ మిత్రులు ఈ భేదాన్ని గమనించగలరు.

ఆ యుద్ధంతో మన తీరానికి కూడా సంబంధం ఉంది. 1971 డిసెంబరు తొలివారంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖపట్నం సమీపంలో మునిగిపోయింది. విశాఖ సాగర తీరంలోని విజయ స్మారక స్తూపం ఆ యుద్ధానికి గుర్తుగా వెలిసినదే.

ఔడర్‌లాండ్ 1978 వరకు బంగ్లాదేశ్‌లోనే ఉండి, అనంతరం ఆస్ట్రేలియాకు బదిలీపై వెళ్లారు. పురస్కారం ప్రకటించిన పాతికేళ్లకు, 1998లో ఢాకాలో ఏర్పాటైన పతక ప్రదానోత్సవానికి ఆహ్వానం అందినా, అనారోగ్యం వల్ల హాజరు కాలేకపోయారు. గెజిట్‌కు, పతకానికి మధ్య అంత వ్యవధి ఏర్పడటం విచారకరమే. ఢాకాలోని గుల్షన్ ప్రాంతంలో ఒక రహదారికి ఆయన పేరు పెట్టారు. 2001 మే 18న పెర్త్ నగరంలో ఆయన కన్నుమూశారు. చివరి రోజుల వరకు తన పేరు పక్కన ‘బీర్ ప్రతీక్’ అని రాసుకునేవారు.