గ్రూపు ఫోటోల వెనక చీకటిగది

పదో తరగతి గ్రూపు ఫోటో మనలో చాలామంది ఇళ్లలో ఉంది. మధ్యలో కుర్చీల్లో హెడ్మాస్టరు గారు, ఉపాధ్యాయులు. వెనక బల్లల మీద మనం. కొసన నిలబడ్డ కుర్రాడి ముఖం కూడా హెడ్మాస్టరు గారి ముఖమంత తేటగా రావడం వెనక చిన్న చరిత్ర ఉంది. చదువయ్యాక కొన్నేళ్లు స్టూడియో చీకటిగదిలో పనిచేసినవాణ్ని కనుక, ఈ స్వర్ణోత్సవ సంచికలో ఆ సంగతి రాయడం నా వంతు అనుకున్నాను.

1871లో రిచర్డ్ లీచ్ మాడాక్స్ అనే ఇంగ్లీషు వైద్యుడు జెలటిన్ పూత పద్ధతిని ప్రకటించాడు. దాని ఫలితంగా గాజుపలకలను ముందే తయారుచేసి నిల్వ ఉంచుకునే వీలు కలిగింది. అప్పట్లో పలకను ట్రేలో వేసి, ఎర్రదీపం వెలుగులో కంటితో చూస్తూ కడిగేవారు. బొమ్మ తేలిందనిపిస్తే తీసేవారు. 1890లో హర్టర్, డ్రిఫీల్డ్ అనే ఇద్దరు ఈ పనికి కొలతలు తెచ్చారు. 1906లో ఇంగ్లండులోని రాటెన్ అండ్ వైన్‌రైట్ సంస్థ ఎరుపుతో సహా అన్ని రంగులనూ గ్రహించే పాన్‌క్రొమాటిక్ పలకలను అమ్మకానికి పెట్టింది. వాటి దగ్గర ఎర్రదీపం పనికిరాదు. 1913లో కోడక్ పోర్ట్రెయిట్ ఫిలిం వచ్చాక స్టూడియోల్లో గాజుపలక స్థానంలోకి కట్ ఫిలిం రాసాగింది. అలా కంటి అంచనా వెనక్కి తగ్గి గడియారం, థర్మామీటరు, లోతైన ట్యాంకు ముందుకొచ్చాయి.

ట్యాంకు అంటే గట్టి రబ్బరుతోనో స్టెయిన్‌లెస్ స్టీలుతోనో చేసిన నిలువు తొట్టె. ఒక్కో ఫిలింను ఒక్కో హ్యాంగర్ చట్రంలో అమర్చి, పక్కపక్కన వేలాడదీస్తాం. మేము వాడిన డెవలపర్ డి-76. లీటరు నీటికి మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. ఉష్ణోగ్రత 20 డిగ్రీలు ఉండాలి. మన ఎండాకాలంలో అందుకోసం ట్యాంకు చుట్టూ ఐసునీళ్లు పెట్టేవాళ్లం.

అసలు విద్య మందు కలపడంలో లేదు, కదపడంలో ఉంది. తెల్లచొక్కాల వంటి వెలుగు భాగాల దగ్గర డెవలపర్ ఎక్కువ పనిచేస్తుంది. అక్కడ పుట్టే బ్రోమైడు కిందికి జారుతూ, దారిలో ఉన్న భాగాన్ని సరిగా తేలనివ్వదు. కదపకుండా వదిలేస్తే ప్రింటులో ఆ చొక్కాల పక్కన నల్లటి చారలు పడతాయి. అదేపనిగా ఆడిస్తే మరో చిక్కు. హ్యాంగర్ అంచుల దగ్గర మందు సుడులు తిరిగి, ఫిలిం అంచులు ఎక్కువ ముదురుతాయి. అప్పుడు ప్రింటులో రెండు కొసల పిల్లలూ పాలిపోతారు.

అందుకే పద్ధతి ఏర్పడింది. ముంచగానే హ్యాంగర్లను ట్యాంకు అంచుకు తట్టి గాలిబుడగలు వదిలించాలి. ఆ తరవాత నిమిషానికోసారి అన్నిటినీ కలిపి పైకెత్తి, ఒక పక్కకు వాల్చి, మూల నుంచి మందు కారనిచ్చి దించాలి. వెంటనే మళ్లీ ఎత్తి రెండో పక్కకు వాల్చాలి. "ఎత్తు, వాల్చు, కారనివ్వు, దించు" అని మా స్టూడియో పెద్దాయన లెక్క చెబుతుంటే కటికచీకట్లో నా చేతులు ఆడేవి. పెద్ద ల్యాబుల్లో ఈ పనిని నత్రజనికి అప్పజెప్పారు. ట్యాంకు అడుగు నుంచి పది సెకన్లకోసారి ఒక్క సెకను పాటు వాయువును వదిలితే, పైకి లేచే బుడగలే మందును కలియబెడతాయి.

ఫోటో తీసేటప్పుడు ఎవరు మధ్యలో కూర్చోవాలో, ఎవరు కొసన నిలబడాలో పెద్దలు నిర్ణయిస్తారు. ట్యాంకులో మాత్రం ఆ తేడా ఉండకూడదు. మధ్యనున్న ముఖానికి ఎంత మందు తగిలిందో కొసనున్న ముఖానికీ అంతే తగలాలి. చీకటిగది మనిషి పాటించవలసిన న్యాయం అదే.

మిత్రులకు ఒక మనవి. గోడ మీది ప్రింటు వెలిసినా నెగెటివ్ ఉంటే మళ్లీ ప్రింటు వేయవచ్చు. స్టూడియోలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి, పాత నెగెటివ్ పెట్టెలు తుక్కుకు పోతున్నాయి. మీ ఊరి స్టూడియోలో మన బ్యాచ్‌ల నెగెటివ్‌లు మిగిలి ఉంటే అడిగి తెచ్చుకోండి. వేటికవి కాగితపు కవర్లలో పెట్టి, చల్లని పొడిచోట ఉంచండి. వెనిగర్ వాసన వేసేవాటిని విడిగా పెట్టి, ముందుగా వాటికే కాపీ తీయించండి. అంచుల దగ్గర నిలబడ్డవాళ్లను పోల్చుకోగలిగిన ఉపాధ్యాయులు మన మధ్య ఉండగానే ఈ పని జరగాలి.