గద్వాల చీర కొంటున్నారా? ముందు తిరగేసి చూడండి.. అసలు గుట్టంతా వెనకవైపే!

బిజినేపల్లి, నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు ఇళ్లల్లో పెళ్లి ఖాయమైందంటే చాలు.. చీరల కోసం బండి గద్వాల దారి పట్టాల్సిందే. బిజినేపల్లి నుంచి వనపర్తి, పెబ్బేరు మీదుగా వెళ్లి బీచుపల్లి దగ్గర కృష్ణా నది దాటితే ఎర్రవల్లి చౌరస్తా.. అక్కడి నుంచి గద్వాల. దారి అందరికీ తెలిసిందే. కానీ షాపులో కూర్చున్నాక యాభై చీరలు ముందు పరిచేసరికి ఏది మగ్గం మీద నేసింది, ఏది పవర్‌లూమ్‌ది, ఏది ఎంతకు కొనాలి అన్నది చాలామందికి తెలియట్లేదు. ఒక్కో చీరకు వేలకు వేలు పెట్టేటప్పుడు ఇది చిన్న విషయం కాదు.

గద్వాల చీరకు జీఐ గుర్తింపు ఉంది. అయినా 'గద్వాల మోడల్', 'గద్వాల టైప్', 'గద్వాల బార్డర్' అనే పేర్లతో మార్కెట్లో, ఆన్‌లైన్‌లో బోలెడు చీరలు దొరుకుతున్నాయి. పేరులో 'మోడల్', 'టైప్' అని కనిపించిందంటే అది గద్వాల చీర అయ్యే అవకాశం తక్కువ. ఇలాంటివి కొనడం తప్పేమీ కాదు. తక్కువ ధరకు వస్తే, తెలిసే కొంటే ఓకే. అసలు చీర రేటు పెట్టి కొంటేనే బాధ.

అసలు గద్వాల చీర అంటే ఏంటి?

చీర బాడీ నూలు, అంచు, కొంగు పట్టు.. ఇదీ గద్వాల చీర ప్రత్యేకత. దీన్నే షాపుల్లో 'సీకో' అంటారు. సిల్క్, కాటన్ కలిపి పెట్టిన పేరది. మొత్తం పట్టుతో నేసేవి, మొత్తం నూలుతో నేసేవి కూడా ఉన్నాయి. ఈ చీరలు గద్వాల టౌన్‌లోనే కాదు, అదే జిల్లాలోని రాజోలి, అయిజ వైపు కూడా నేస్తారు. వనపర్తి జిల్లాలోని కొత్తకోట, అమరచింతల్లోనూ మగ్గాలున్నాయి.

ఈ నేతకు ఇంకో గౌరవం కూడా ఉంది. తిరుమల శ్రీవారి బ్రహ్మోత్సవాలకు ఏటా ఇక్కడి నుంచే ఏరువాడ జోడు పంచెలు వెళ్తాయి. నేతన్నలు 41 రోజులు దీక్షతో వాటిని నేస్తారు. గద్వాల సంస్థానం కాలం నుంచి వస్తున్న ఆనవాయితీ ఇది. ఆ పంచెల అంచు మీద ఉండే కోటకొమ్మల డిజైనే మీ చీర అంచు మీద కూడా కనిపిస్తుంది. కోట గోడ మీది కొమ్మల్లా, గుడి గోపురాల్లా వరసగా ఉండేవే అవి.

రేటు ఎక్కడుందో తెలుసా?

చాలామంది జరీ మెరుపు చూసి రేటు లెక్కేస్తారు. గద్వాల చీరలో అసలు కష్టం జరీలో కాదు, జోడింపులో ఉంది. అంచు, బాడీ కలిసే చోటును గమనించండి. మామూలు నేతలో ఒకే నాడె ఆ చివరి నుంచి ఈ చివరికి వెళ్తుంది. గద్వాల నేతలో అలా కాదు. బాడీకి ఒక నాడె, రెండు అంచులకు రెండు నాడెలు.. మొత్తం మూడు. బాడీ పేక అంచు దాకా వచ్చి, అక్కడ అంచు పేకతో మెలిక పడి వెనక్కి తిరుగుతుంది. దీన్నే కుప్పడం అంటారు. ఒక్కరితో అయ్యే పని కాదు, మగ్గం దగ్గర ఇంకొకరి చేయి కూడా కావాలి. డిజైన్ బట్టి ఒక చీరకు వారం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. కొంగు దగ్గర ఇంకో కష్టం. నూలు పడుగు అయిపోయిన చోట పట్టు పడుగును పోగు పోగుకీ కలపాలి.

ఇప్పుడు చీరను తిరగేయండి. ఎర్ర బాడీకి ఆకుపచ్చ అంచు ఉన్న చీర అనుకుందాం. అసలు చీరలో ఎరుపు పేక అంచులోకి పోదు కాబట్టి అంచు ముందూ వెనకా నిండు ఆకుపచ్చగానే ఉంటుంది. అంచును కాస్త వంచి వెలుతురులో చూస్తే లోపల ఎరుపు ఛాయ కనిపిస్తోందా? అయితే పేక ఒకటే, ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచింది. అంటే కుప్పడం లేదు. కోటకొమ్మల వెనక తెగ్గోసిన దారాలు కుచ్చుల్లా వేలాడుతున్నా అనుమానించాల్సిందే. ఫోన్ టార్చ్ వేసి చూస్తే చాలు, రెండు నిమిషాల పని.

అంచు చివర సూది రంధ్రాలుంటే చేనేతేనని కొందరు చెబుతుంటారు. అది నమ్మొద్దు.. పవర్‌లూమ్ బట్ట మీద కూడా అలాంటి గుర్తులు పడతాయి. అగ్గిపెట్టెలో పట్టాలన్న కథ కూడా అంతే. పట్టు అంచు బరువుగా ఉన్న చీర అగ్గిపెట్టెలో ఎందుకు పడుతుంది! ఇంకో మాట.. చేత్తో నేసిన చీరలో అక్కడక్కడా పోగు కొంచెం లావుగా ఉండొచ్చు. అది లోపం కాదు, దాన్ని చూపించి రేటు తగ్గించమని అడగడం న్యాయం కాదు.

పట్టు, జరీ టెస్ట్ ఇలా..

కొంగు చివర వదిలేసిన పోగుల్లోంచి ఒకటి అడిగి తీసుకోండి. వెలిగిస్తే అసలు పట్టు వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా అంటుకుంటుంది. నూలు కాగితం కాలినట్టు కాలుతుంది.

జరీలో మూడు రకాలు. ప్యూర్ జరీ అంటే పట్టుదారం చుట్టూ వెండి రేకు చుట్టి, పైన బంగారు పూత వేసింది. రెండోది రాగి తీగతో చేసింది. మూడోది ప్లాస్టిక్ మెరుపు. గోరుతో పూత గీకితే లోపల సాధారణంగా ఎర్రటి పట్టుదారం కనిపిస్తే మొదటి రకం కావొచ్చు. రాగి రంగు తేలితే రెండోది. తెల్లటి పాలిస్టర్ దారం బయటపడితే మూడోది. రాగి జరీ చీర చెడ్డదని కాదు, రేటు ప్యూర్ జరీది కాకూడదు అంతే. బిల్ మీద ఏ జరీయో రాయించుకోండి. రాయడానికి షాపు వాళ్లు వెనకాడితే మీకు జవాబు దొరికినట్టే.

లేబుల్స్ విషయంలో చాలామంది ఒక పొరపాటు పడుతున్నారు. సిల్క్ మార్క్ ఉందంటే పట్టు అసలైనదని మాత్రమే అర్థం. మగ్గం మీద నేశారా, మిషన్ మీద నేశారా అన్నది అది చెప్పదు. చేనేత అని చెప్పేది హ్యాండ్లూమ్ మార్క్. మొత్తం పట్టు చీర కొనేవాళ్లు రెండూ అడగాలి.

మరి మీకు ఏది సూటవుతుంది?

ముందు ఎప్పుడు, ఎన్ని గంటలు కట్టుకుంటారో ఆలోచించండి. ఏప్రిల్, మే నెలల్లో పాలమూరు ఎండల్లో పెళ్లి, పైగా పొద్దుటి నుంచి అతిథుల్ని చూసుకోవాల్సింది మీరే అయితే సీకో చీరకు మించింది లేదు. బాడీ నూలు కాబట్టి చెమట పీలుస్తుంది, ఫొటోలో అంచు, కొంగు పట్టు చీరలాగే కనిపిస్తాయి. పెళ్లికూతురికి, రిసెప్షన్‌కి మొత్తం పట్టు తీసుకోవచ్చు. ఇంట్లో అమ్మమ్మ, నానమ్మలకు బరువు తక్కువుండే నూలు గద్వాల ఇస్తే మళ్లీ మళ్లీ కట్టుకుంటారు. తొమ్మిది గజాలు కట్టేవాళ్లుంటే ముందే ఆర్డర్ చెప్పాలి.

అంచు వెడల్పు దగ్గర తొందరపడొద్దు. పెద్ద అంచు చీరను షాపులో మడత మీద చూస్తే అద్భుతంగా ఉంటుంది. కట్టుకుంటే ఆ పట్టంతా కుచ్చిళ్ల దగ్గర పోగుపడి కింద బరువు లాగుతుంది. పొడవు తక్కువున్నవాళ్లకు మోకాలి దాకా అంచే కనిపిస్తుంది. నచ్చితే కట్టుకోవచ్చు, రూలేం లేదు. కానీ భుజం మీద వేసుకుని చూడటం కాదు, కుచ్చిళ్లు పెట్టి అద్దంలో చూసుకున్నాకే డబ్బులివ్వండి. రంగు మాత్రం ట్యూబ్‌లైట్ కింద తేల్చొద్దు. చీర పట్టుకుని గుమ్మం దాకా వచ్చి పగటి వెలుతురులో చూడండి. మెరూన్, ముదురు ఆకుపచ్చ లైట్ల కింద ఒకలా, బయట ఇంకోలా ఉంటాయి.

ఎక్కడ కొనాలి?

గద్వాల షాపుల్లో, మాస్టర్ వీవర్ల దగ్గర, ప్రభుత్వ గోల్కొండ షోరూముల్లో కొనొచ్చు. మాస్టర్ వీవర్ నూలు, పట్టు, జరీ ఇస్తే నేసినవాళ్లకు చీరకు ఇంత అని మజూరీ వస్తుంది. బేరం ఆడటం మామూలే. కానీ దారాలు, జరీ రేట్లు తగ్గవు.. మరీ గీకి బేరమాడితే కోత పడేది ఆ మజూరీలోనే. సగానికి సగం డిస్కౌంట్ అన్న చోట మాత్రం ముందు చీర తిరగేయండి.

వాట్సాప్‌లో కొనేవాళ్లు ఫొటో చూసి డబ్బు పంపొద్దు. వీడియో కాల్‌లో అంచు వెనకవైపు, కొంగు జోడింపు దగ్గరగా చూపించమనండి. జాకెట్ ముక్క ఉందా, చీర పొడవెంత, నచ్చకపోతే వాపస్ తీసుకుంటారా అన్నవి మెసేజ్ రూపంలో రాయించుకోండి. ఫాల్ కుట్టించాక, జాకెట్ ముక్క కోశాక ఎవరూ వాపస్ తీసుకోరు. అందుకే పార్సిల్ రాగానే తిరగేసి చూసుకున్నాకే టైలర్ దగ్గరికి పంపండి.

ఇంటికొచ్చాక సీకో చీరను నేరుగా బకెట్లో ముంచొద్దు. నీళ్లలో నూలు ముడుచుకున్నంతగా పట్టు ముడుచుకోదు, దాంతో అంచు అలలు తిరుగుతుంది. మొదటిసారి డ్రై క్లీనింగే మంచిది. సెంటు జరీ మీద కొట్టొద్దు, నాఫ్తలిన్ ఉండలు చీర మడతల్లో పెట్టొద్దు. పల్చటి నూలుబట్టలో చుట్టి బీరువాలో పెట్టి, రెండు మూడు నెలలకోసారి మడత మార్చండి. ఒకే మడత మీద ఏళ్లు ఉంచితే జరీ అక్కడే విరుగుతుంది.