గది తగ్గింపా, ఉచిత భోజనమా? పూటకూళ్ళింటి నుంచి ఫిల్మ్ సిటీ దాకా

సెలవుల్లో పిల్లల్ని ఏ థీమ్ పార్కుకో తీసుకెళ్ళి, రెండు రాత్రులు అక్కడి హోటల్లోనే ఉందామని ఫోన్ తెరిస్తే రెండు రకాల ప్రకటనలు పోటీపడతాయి. ఒకటి గది అద్దెలో ఇంత శాతం తగ్గింపు అంటుంది. రెండోది గది తీసుకుంటే భోజనం ఉచితం అంటుంది. సాధారణంగా రెండూ కలిపి ఇవ్వరు, ఏదో ఒకటి ఎంచుకోవాలి. చాలా ఇళ్ళల్లో మగవాళ్ళు మొదటిదాని వైపు, పిల్లలు రెండోదాని వైపు మొగ్గుతారు. ఇంటావిడకి ఏది కావాలని అడిగేవాళ్ళు మాత్రం తక్కువ.

ఇదేదో ఈ కాలపు తలనొప్పి అనుకుంటాం గానీ, పడకా భోజనం కలిపి అమ్మాలా, విడివిడిగా అమ్మాలా అన్న పేచీ చాలా పాతది. బి.ఏ.లో తెలుగు చదివిన పుణ్యాన, ఈ ప్రకటనలు చూసినప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది పూటకూళ్ళిల్లు.

తిండికే వెల, పడకకి కాదు

ఆ పేరు విప్పి చూడండి. పూట, కూడు. ఒక పూట తిండికి ఇంత అని పుచ్చుకునే ఇల్లు. పేరులో ఎక్కడా గది లేదు, మంచం లేదు. బాటసారి డబ్బిచ్చేది అన్నానికి. నడుం వాల్చడానికి ఊళ్ళో అరుగులుండేవి, గుడి మండపాలుండేవి, సత్రాలుండేవి.

క్రీడాభిరామం కాకతీయుల నాటి ఓరుగల్లు వీధుల్ని కళ్ళకు కట్టే కావ్యం. అందులో ఒక పూటకూళ్ళ భోజనం వస్తుంది. సన్నబియ్యం అన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. అన్నీ కలిపి ఒక్క రూక. మా మధిరలో రైలెక్కితే ఖమ్మం దాటాక వచ్చే ఆ వరంగల్లులోనే, కొన్ని వందల ఏళ్ళ కిందటే ఒకే ధరకు నిండు భోజనం అమ్మేవాళ్ళన్నమాట. ఇన్ని రకాలకీ కలిపి ఒకే ధర అనే పద్ధతిని ఏ రిసార్టు వాళ్ళో కనిపెట్టలేదు.

1897లో అచ్చయిన గురజాడ వారి కన్యాశుల్కంలోనూ పూటకూళ్ళమ్మ ఉంది. ఆవిడని అందరూ పిలిచేది ఆ వృత్తి పేరుతోనే. భర్త పోయిన ఆడది ఒకరి మీద ఆధారపడకుండా బతకాలంటే ఆ రోజుల్లో చేతిలో ఉన్న విద్య వంటే. ఊరికి కొత్తగా వచ్చిన మగవాడికి వేడి అన్నం దొరికిందంటే, దాని వెనక పొయ్యి ముందు కూర్చున్న ఒక మనిషి ఉంది. ప్రయాణాల లెక్కలు వేసేటప్పుడు ఆ మనిషిని మర్చిపోకూడదని నాకనిపిస్తుంది.

పూటకూళ్ళింటికి పక్కనే ఇంకో దారి, సత్రం. అక్కడ పడకకీ డబ్బు లేదు, అన్నానికీ లేదు. రెండింటి ఖర్చూ దాత భరించేవాడు. గోదావరి లంకల్లో లంకల గన్నవరం ఊరిలో డొక్కా సీతమ్మ గారు (1841-1909) ఏ వేళకి ఎవరొచ్చినా అన్నం పెట్టి పేరు తెచ్చుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి ఇప్పుడు ఆవిడ పేరే ఉంది. అక్కడ ఉచితం అంటే నిజంగా ఉచితమే. అన్నం పెట్టిన చెయ్యి దాని వెలని ఇంకో పద్దులో రాసుకోలేదు.

తిరుమలలో ఈ రెండూ వేర్వేరు. 1985లో ఎన్.టి. రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నిత్యాన్నదానం మొదలైంది. మొదట్లో రోజుకు రెండు వేల మందికి పెట్టేవారు. ఇప్పుడు తరిగొండ వెంగమాంబ పేరుమీద ఉన్న పెద్ద భవనంలో, గది దొరికినవాళ్ళూ దొరకనివాళ్ళూ ఒకే బంతిలో కూర్చుంటారు. గదికి అద్దె కట్టాలి, అన్నానికి అక్కర్లేదు. గది తీసుకుంటేనే అన్నం అనే షరతు లేదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

వంటిల్లు మోసుకుపోయిన యాత్రలు

మరి దారిలో సత్రం లేకపోతే? ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. కుటుంబం, పరివారం కలిపి సుమారు వంద మంది. డేరాలు వెంటే. ఆయన కాశీయాత్ర చరిత్ర చదివితే ఊరూరా ఆయన చూసేవి ముఖ్యంగా రెండే: దిగడానికి చోటుందా, వంట సరుకులు దొరుకుతాయా. వండిపెట్టే చోటు గురించి బెంగే లేదు, ఎందుకంటే వంటిల్లు వెంటే నడిచింది.

మన ఇళ్ళల్లో ఆ పద్ధతి ఇంకా పోలేదు. రైలెక్కితే పులిహోర, చపాతీలు, పెరుగన్నం, ఆవకాయ డబ్బా. ముందురోజు రాత్రి ఎవరు మేలుకుని ఇవన్నీ చేస్తారో వేరే చెప్పాలా? రాజధాని రైళ్ళు 1969లో మొదలైనప్పటి నుంచీ టికెట్ ధరలోనే భోజనం ఉండేది. 2017లో రైల్వే వాళ్ళు భోజనం వద్దనుకుంటే ఆ మేరకు టికెట్ తగ్గించే వీలు పెట్టారు. చూడటానికి చిన్న మార్పే. కానీ అన్నం లేకుండా టికెట్ తగ్గిందని సంతోషించే ఇంట్లో, ఆ అన్నం డబ్బాలోకి ఎవరి చేతి మీదుగా ఎక్కుతుంది అనేది ఏ టికెట్ మీదా ఉండదు.

ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదు

ఇప్పుడు హోటల్ బుకింగ్ పేజీకి రండి. గది పక్కన ఈపీ, సీపీ, ఎంఏపీ, ఏపీ అని పొట్టి అక్షరాలుంటాయి. ఈపీ అంటే యూరోపియన్ ప్లాన్, గది మాత్రమే. సీపీ అంటే కాంటినెంటల్ ప్లాన్, గదీ పొద్దుటి టిఫినూ. ఎంఏపీ అంటే టిఫినుతో పాటు ఒక పూట భోజనం. ఏపీ అంటే అమెరికన్ ప్లాన్, మూడు పూటలా తిండి.

ఈ పేర్ల వెనక పెద్ద కథే ఉంది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో అమెరికా హోటళ్ళు రోజుకింత అని ఒకే ధర తీసుకుని పడకా భోజనం కలిపి ఇచ్చేవి. తిన్నా తినకపోయినా డబ్బు అంతే. గంట కొట్టినప్పుడు వచ్చి, అందరితో పాటు కూర్చుని తినాలి. ఊళ్ళలో తినే చోట్లు పెరిగేకొద్దీ బేరగాళ్ళకి ఇది నచ్చలేదు. 1855లో బోస్టన్‌లో తెరిచిన పార్కర్ హౌస్ గది వేరు, భోజనం వేరు అని అమ్మిన తొలి అమెరికన్ హోటళ్ళలో ఒకటి. ఆ శతాబ్దం చివరికొచ్చేసరికి పట్నాల్లో విడిగా అమ్మే పద్ధతే నిలిచింది. చుట్టుపక్కల వేరే తిండి దొరకని కొండల మీదా, సముద్రపు ఒడ్డునా మాత్రం కలిపి అమ్మడం బతికింది. బయట తిండి దొరికే చోట విడిగా, దొరకని చోట కలిపి. అంతే సూత్రం.

ఇంగ్లండులో కథ ఇంకో రకం. సముద్రతీరానికి వెళ్ళిన కుటుంబాలు అద్దె గదుల్లో దిగేవి. చాలాచోట్ల సరుకులు వీళ్ళే కొనిస్తే ఇంటి యజమానురాలు వండిపెట్టేది. ఇంకొన్ని చోట్ల టిఫిను కాగానే బయటికి పంపేసేవాళ్ళు, భోజనం వేళదాకా వానలోనైనా తిరగాల్సిందే. అలా తిరుగుతున్న కుటుంబాల్ని చూసిన బిల్లీ బట్లిన్ 1936లో స్కెగ్నెస్‌లో సెలవుల శిబిరం తెరిచాడు. వారం జీతానికి వారం సెలవు అన్నది ఆయన మాట. బస, మూడు పూటలా భోజనం, ఆటపాటలు, అన్నీ ఆ ఒక్క ధరలోనే. కూలి కుటుంబాల్లో తల్లికి వారం రోజులు పొయ్యి ముట్టక్కర్లేకపోవడం బహుశా అదే మొదటిసారి. నన్నడిగితే ఆ ధరలో అసలు సరుకు అదే.

ఉచితం అన్నది ఏ పద్దులో ఉంది?

థీమ్ పార్కుల దగ్గరికొస్తే అందరికీ తెలిసింది ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్. 1971లో తెరిచారు. 2005లో గదితో పాటు భోజనం ముందే కొనుక్కునే డైనింగ్ ప్లాన్ పెట్టారు. జనం పల్చబడే రోజుల్లో దాన్నే ఉచితం అని ప్రకటించడమూ అప్పుడే మొదలైంది. 2020లో కరోనా వల్ల ఆపేసి, 2024 జనవరిలో మళ్ళీ ప్లాన్ తెచ్చారు. అమెరికాలో ఉన్న మన పిల్లలు అమ్మానాన్నల్ని అక్కడికి తీసుకెళ్ళేటప్పుడు పడే మల్లగుల్లాలు ఇవే. ఎందుకంటే ఉచిత భోజనం కావాలంటే గదికి తగ్గింపు లేని పూర్తి ధర కట్టాలి. గదికి తగ్గింపు తీసుకుంటే భోజనం ఎవరిది వాళ్ళు కొనుక్కోవాలి.

ఇక్కడ తిరుమల బంతిని గుర్తు చేసుకోండి. అక్కడ అన్నానికి గదితో సంబంధం లేదు, అందుకే అది ఉచితం. ఇక్కడ అన్నం వెల గది పద్దులోకి మారింది. పూటకూళ్ళింట్లో అన్నానికి వెల కట్టి పడక మాట ఎత్తలేదు, ఇక్కడ గదికి వెల కట్టి అన్నం మాట ఎత్తరు. అమ్మేవాడు ఏది ఉచితం అన్నాడో చూడటం కాదు, ఏది పూర్తి ధరకి కొనిపిస్తున్నాడో చూడాలి.

ఇంకోటి. గదికి తగ్గింపు ఇస్తే మనం ఆ మిగిలిన డబ్బుతో బయటికి పోయి తినొచ్చు. భోజనం ఇస్తే మూడు పూటలా అక్కడే ఉంటాం. అన్నం పెట్టి కట్టేయడం అన్నమాట. మనిషి లోపలే ఉంటే ఇంకో బొమ్మో, ఇంకో ఐస్‌క్రీమో కొనకపోడు.

మన లెక్క

మనకి దగ్గరది రామోజీ ఫిల్మ్ సిటీ. 1996 నుంచి ఉంది. మధిర నుంచి ఖమ్మం, సూర్యాపేట మీదుగా విజయవాడ-హైదరాబాద్ రోడ్డు పట్టుకుంటే పట్నంలోకి పోకముందే వస్తుంది. లోపలే తార, సితార లాంటి హోటళ్ళున్నాయి. గేటు దాటి లోపలికెళ్ళాక అదొక ఊరు, నాలుగడుగులేస్తే దొరికే వీధి హోటలు ఉండదు. పైన చెప్పిన సూత్రం ప్రకారం కలిపి అమ్మడానికి అనువైన చోటు.

ఇది ఏ హోటలు ధరా కాదు, లెక్క కోసం అనుకుందాం. గది రాత్రికి 6,000, రెండు రాత్రులకి 12,000. నాలుగో వంతు తగ్గింపు అంటే 3,000 మిగులు. రెండో ప్రకటనలో పూర్తి అద్దె కడితే ఇద్దరికి నాలుగు భోజనాలు. మొదటి రాత్రి, రెండో రోజు రెండు పూటలు, మూడో రోజు మధ్యాహ్నం. ప్లేటు 500 అనుకుంటే ఎనిమిది ప్లేట్లు, 4,000. కాగితం మీద భోజనమే వెయ్యి రూపాయలు ఎక్కువ.

ఇప్పుడు తినే ప్లేట్లు మాత్రమే లెక్కపెట్టండి. రెండో రోజు మధ్యాహ్నం మనం పార్కు చూస్తూ ఎక్కడో ఉంటాం, హోటలుకి రాలేం. రెండు ప్లేట్లు పోయాయి. మిగిలింది 3,000, అంటే తగ్గింపుతో సమానం. మూడో రోజు టిఫిను చేసి బయల్దేరిపోతే ఇంకో రెండు పోయాయి, 2,000. అప్పుడు గది తగ్గింపే నయం. మా అత్తయ్య రాత్రిపూట రెండు ఇడ్లీలు తప్ప ముట్టరు. ఆవిడ పేర ఐదు వందల ప్లేటు రాయించడం అన్యాయం. పైగా ఇద్దరికే అని రాసిన ప్లానులో మూడో మనిషీ, పిల్లలూ ఎక్కడున్నారో అడిగి తెలుసుకోవాలి.

దీన్నిబట్టి నేను పెట్టుకున్న నియమం ఇది. మెనూ మీద ఉన్న ధర కాదు, ఆ ప్లాను లేకపోతే మనం నిజంగా ఎంత పెట్టి తినేవాళ్ళమో ఆ ధర వేయాలి. వేళకి చేరలేని పూటలు కొట్టేయాలి. వచ్చిన మొత్తాన్ని గది తగ్గింపు పక్కన పెట్టాలి. పొద్దున్నుంచీ రాత్రిదాకా హోటల్లోనే గడిపే పెద్దవాళ్ళ ప్రయాణానికి భోజనం కలిపినది బాగుంటుంది. పార్కంతా కాళ్ళరిగేలా తిరిగే పిల్లల ప్రయాణానికి గది తగ్గింపు బాగుంటుంది.

రెండూ సమానంగా వచ్చినప్పుడు ఏం చేయాలి? చాలా ఇళ్ళల్లో అప్పుడు "గది తగ్గింపే తీసుకుందాం, తిండి ఇంట్లోంచి కట్టుకుపోదాం, నీళ్ళు కాచే కెటిల్ ఎలాగూ ఉంటుంది" అంటారు. అలా మిగిలిన మూడు వేలు ఇంటి లెక్కలోకి వస్తాయి. కానీ ముందురాత్రి పులిహోర కలిపింది, హోటల్ గదిలో కెటిల్ పెట్టి నూడుల్స్ చేసింది, డబ్బాలు కడిగింది ఎవరో ఆ మనిషికి మాత్రం సెలవు రాలేదు. వీరాస్వామయ్య గారి కాలంలో వంటిల్లు వెంట నడవడం తప్పనిసరి. ఇప్పుడు తప్పనిసరి కాదు, అలవాటు.

అందుకని లెక్క సమానమైతే భోజనమే తీసుకోండని నేనంటాను. గది తగ్గింపే ఎక్కువ లాభమైతే దాన్నే తీసుకోండి, కానీ మిగిలిన డబ్బులో ముందే కొంత బయట భోజనానికి అని పక్కన పెట్టి బయల్దేరండి. పూటకూళ్ళమ్మ చేతి అన్నానికి ఓరుగల్లులో రూక ఇచ్చారు. ఇంటావిడ చేతి అన్నానికి వెల కట్టమని ఎవరూ అడగడం లేదు, లెక్క వేసేటప్పుడు దానికీ ఒక గడి ఉంచమనే అడుగుతున్నాం. మీ ఇంట్లో ఈ లెక్క ఎవరు వేస్తారు?