పత్తి ఊరివాళ్ళు మంచులోకి పోతే: కంబళి, స్నోమొబైల్, ప్రాణం కాపాడే మూట

ఈరోజు టాపిక్ కొంచెం విచిత్రంగా అనిపిస్తుంది. మంచు అడవుల్లో స్నోమొబైల్ మీద తిరిగేవాళ్ళు ప్రాణం నిలుపుకోవడానికి ఏం సర్దుకోవాలి అని. ఆదోని ఎండలో కూర్చుని మాట్లాడే విషయమా ఇది అంటారు మీరు. కానీ ఎమ్మిగనూరు నుంచి అమెరికాలో మిషిగన్‌కి ఎమ్మెస్ చదవడానికి వెళ్ళిన ఒక తమ్ముడు అడిగాడు, "అన్నా, ఫ్రెండ్స్‌తో స్నోమొబైల్ ట్రిప్ పోతున్నాం, ఇవి చాలా?" అని. లిస్టు కూడా పంపాడు. జీన్స్, రెండు కాటన్ హూడీలు, కాటన్ సాక్సులు ఆరు జతలు, ఒక పవర్ బ్యాంకు.

నవ్వే విషయం కాదు ఇది. 2022 డిసెంబర్ 26న అరిజోనాలో వుడ్స్ కాన్యన్ లేక్ అనే సరస్సు గడ్డకట్టి ఉంటే దాని మీద నడుస్తూ, మంచు విరిగి, మన తెలుగువాళ్ళతో సహా ముగ్గురు చనిపోయారు. చలి దేశంలో పుట్టినవాళ్ళకి చిన్నప్పుడే ఎవరో ఒకరు చెప్పే విషయాలు మనవాళ్ళకి ఎవరూ చెప్పరు. అందుకే ఈ ఎపిసోడ్.

ముందు ఆ బండి సంగతి చూద్దాం. కెనడాలో క్యుబెక్ ప్రాంతంలో వాల్కూర్ అనే ఊరు. అక్కడ జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియర్ అని ఒక మెకానిక్ ఉండేవాడు. 1934 చలికాలంలో ఆయన రెండేళ్ళ కొడుక్కి ప్రాణం మీదికి వచ్చింది. దారులన్నీ మంచుతో మూసుకుపోయాయి, ఆసుపత్రికి చేరే మార్గం లేక పిల్లవాడు చనిపోయాడు. మంచు మీద నడిచే బండి కోసం ఆయన అప్పటికే తంటాలు పడుతున్నాడు. ఆ తర్వాత పట్టు వదల్లేదు. 1937లో ఏడుగురు కూర్చునే బండికి పేటెంట్ వచ్చింది. 1959లో ఒకరిద్దరు ఎక్కే స్కీ-డూ వచ్చింది. ఇప్పుడు కుర్రాళ్ళు సరదాకి తోలేది దాని వారసుల్నే. ఆసుపత్రికి చేరడం కోసం పుట్టిన బండిని, ఏ ఆసుపత్రీ లేని చోటికి సరదాగా తీసుకుపోతున్నాం.

అసలు తిప్పలు ఇక్కడే ఉన్నాయి. స్నోమొబైల్ గంటలో లాక్కుపోయే దూరాన్ని, అది చెడిపోయాక నడుము లోతు మంచులో నడిచి రావాలంటే రోజు కూడా చాలకపోవచ్చు. చీకటి పడుతుంది. ఒళ్ళంతా చెమట పట్టి ఉంటుంది. అప్పుడు ఒంటిమీద కాటన్ ఉంటే?

మన ఊరి సంగతికి వద్దాం. ఆదోని అంటే పత్తి. 1861 నుంచి 1865 దాకా అమెరికాలో అంతర్యుద్ధం జరిగినప్పుడు అక్కడి పత్తి ఇంగ్లండు మిల్లులకి ఆగిపోయింది, భారతదేశం పత్తికి గిరాకీ ఎగిసింది. 1871 నాటికి మద్రాసు-రాయచూరు రైలు లైను ఆదోని మీదుగా పూర్తయింది. (అప్పటి ఆదోని బళ్ళారి జిల్లాలో ఉండేది. కర్నూలు జిల్లాలో కలిసింది 1953లోనే.) పక్కన ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప గారు 1938లో చేనేత సహకార సంఘం పెట్టారు, 1954లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. మనకి పుట్టినప్పుడు చుట్టేది కాటన్, పోయినప్పుడు కప్పేదీ కాటన్. ఈ ఎండలకి అంతకన్నా మంచి బట్ట లేదు. చెమటని పీలుస్తుంది, తడి మెల్లగా ఆరుతూ ఒంటి వేడిని లాగేస్తుంది, చల్లగా ఉంటుంది.

మంచులో ప్రాణం తీసేది సరిగ్గా ఆ గుణమే. తడిసిన కాటన్ ఒంటికి అతుక్కుపోతుంది. దారాల మధ్య గాలి పోయి నీళ్ళు చేరతాయి. నీళ్ళు గాలికన్నా పాతిక రెట్లు ఎక్కువగా వేడిని లాగేస్తాయి. అక్కడి పర్వతారోహకులు "కాటన్ చంపుతుంది" అని మొహమాటం లేకుండా చెప్తారు. పత్తి మార్కెట్టు ఊరివాడిగా నాకు ఆ మాట కొంచెం గుచ్చుకుంటుంది గానీ, ఫిజిక్స్‌తో గొడవ పెట్టుకోలేం కదా.

మరి ఈ విషయం మన ప్రాంతంలో ఎవరికీ తెలియదా? తెలుసు. కురువ గొర్రెలకాపరులకి తెలుసు. గొర్రెల మందతో వానలో, రాత్రి చలిలో బయటే పడుకునేవాళ్ళు భుజాన వేసుకున్నది కాటన్ దుప్పటి కాదు, కంబళి. గొంగడి అన్నా అదే. ఉన్ని తన బరువులో మూడోవంతు దాకా తేమని పీల్చుకున్నా ఒంటికి తడి తెలియనివ్వదు. ఆ తేమని పీల్చుకునేటప్పుడు కొంచెం వేడి కూడా విడుదల చేస్తుంది. వెంట్రుక వంకరగా ఉంటుంది కాబట్టి మధ్యలో గాలి నిలుస్తుంది. మనవాళ్ళు దానికి చింతగింజల గంజి పట్టించేవారు, అట్టలా బిగుసుకుని వాన జారిపోయేది. మడిచి నెత్తి మీద వేసుకుంటే వానకి టోపీ, పరిస్తే పడక, కప్పుకుంటే ఇల్లు. దాంతోపాటు చేతిలో కర్ర, మూటలో సద్ది, సొరకాయ బుర్రలో నీళ్ళు, నిప్పుకి చెకుముకి రాయి. ఇదీ కాపరి కిట్టు. ఇందులో ఏ ఒక్కటీ బండి మీద లేదు, అన్నీ ఒంటిమీదే ఉన్నాయి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

పత్తికి అన్యాయం చేయకూడదు కాబట్టి ఇంకో మాట. 1924లో ఎవరెస్ట్ మీద జార్జ్ మలొరీ మాయమయ్యాడు కదా, ఆయన శరీరం 1999లో దొరికింది. లోపల పట్టు, కాటన్, ఉన్ని పొరలు, పైన గాలికి అడ్డంగా గాబర్డిన్, అంటే బిగించి నేసిన కాటన్. రెండో ప్రపంచయుద్ధం టైంలో సముద్రంలో పడిపోయే బ్రిటిష్ పైలట్ల కోసం వెంటైల్ అని ఒక బట్ట తయారుచేశారు. అదీ పొడుగు పింజ పత్తే. తడవగానే దారాలు ఉబ్బి సందులు మూసుకుపోతాయి. అంటే పైపొరగా, సరిగ్గా నేస్తే పత్తి పనికొస్తుంది. ఒంటికి తగిలే పొరగా మాత్రం వద్దు.

అసలు మూట సర్దడమంటే శత్రువు ఎవరో తెలుసుకోవడం. దీనికి మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా మన దత్తమండలాలకి కలెక్టర్‌గా పనిచేశాడు, ఊరూరా గుడారాలేసుకుని తిరిగాడు. గుడారం బతుకు ఆయనకి కొత్త కాదు. తర్వాత మద్రాసు గవర్నరై, 1827లో మళ్ళీ ఈ వైపు పర్యటనకి వచ్చాడు. ఆదోనికి దగ్గర్లోనే ఉన్న పత్తికొండలో జులై 6న కలరా తగిలింది, అదే రోజు చనిపోయాడు. గవర్నర్ పరివారమంతా వెంట ఉంది. నీళ్ళలో ఏముందో మాత్రం ఆ కాలంలో ప్రపంచంలో ఎవరికీ తెలియదు. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళతో కలరా రోగుల్ని నిలబెట్టొచ్చని 1971 బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ చేసి చూపించేసరికి మధ్యలో 144 ఏళ్ళు గడిచాయి.

తమ్ముడూ, నీ శత్రువులెవరో మనకి ఇప్పటికే తెలుసు. తడి, గాలి, చీకటి, మంచు చరియ. నువ్వు వెళ్ళేది కొండ ప్రాంతమైతే చరియ గురించే ముందు ఆలోచించాలి. చరియ కింద పడ్డవాణ్ణి మొదటి పది పదిహేను నిమిషాల్లో తవ్వి తీస్తే బతికే అవకాశం బాగా ఉంటుంది. అరగంట దాటితే చాలా తగ్గిపోతుంది. రెస్క్యూ టీం అంతలోపు రాదు, పక్కనున్న ఫ్రెండే తవ్వాలి. అందుకే ప్రతి ఒక్కరి ఒంటిమీదా బీకన్ ఉండాలి. అన్ని కంపెనీల బీకన్లూ 457 కిలోహెర్ట్జ్ మీదే మాట్లాడుకుంటాయి (మన సాఫ్ట్‌వేర్ కంపెనీలకి ఈ బుద్ధి ఉంటే ఎంత బాగుండేది). దాంతోపాటు మంచులో గుచ్చి వెతికే మడత కర్ర, ఒక లోహపు పార. బీకన్ ఒక్కటే కొనుక్కుని పార లేకుండా పోయేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. చేతులతో తవ్వుతారా గట్టిపడ్డ మంచుని?

మిగతావి: ఒంటికి ఉన్ని లేదా సింథటిక్ పొర, తడవకుండా కవర్లో కట్టిన ఇంకో జత గ్లవ్స్, సాక్సులు, తలకి కట్టుకునే లైటు, చిన్న రంపం, మంచు కరిగించుకోవడానికి ఒక స్టీలు గ్లాసు, వేరుశనగ చిక్కీలు, సాటిలైట్ మెసెంజర్. పవర్ బ్యాంకు చలికి తొందరగా నీరసపడుతుంది, చొక్కా లోపలి జేబులో పెట్టుకో. ఎక్కడికి పోతున్నావో, ఎన్నింటికి తిరిగొస్తావో రూంలో ఉండేవాడికి చెప్పు. స్పేర్ బెల్టు, స్పార్క్ ప్లగ్గులు బండి మీద ఉంటే పర్లేదు. బీకన్, పార, నిప్పు, మెసెంజర్ మాత్రం బండికి కట్టొద్దు. బండి లోయలోకి జారినా, చరియ కింద పూడినా నీ దగ్గర మిగిలేది కాపరికి మిగిలినట్టే, ఒంటిమీద ఉన్నది మాత్రమే.

ఆ కాటన్ హూడీలు రూంలో వేసుకో. పత్తి కూడా కొంచెం తీసుకెళ్ళు, డబ్బాలో. దూదిని వాజిలీన్‌లో బాగా పిసికి చిన్న ఉండలు చేసుకో. ఒక ఉండ నాలుగైదు నిమిషాలు మండుతుంది, ఆలోపు సన్నటి పుల్లలు అంటుకుంటాయి. లైటరు, అగ్గిపెట్టె రెండూ పెట్టుకో, వేరు వేరు జేబుల్లో.