కొండెక్కిన కనకాంబరం

తిరుమల మహాద్వారం దాటేటప్పుడు తలెత్తి చూస్తే ఒక ఇనుప గునపం కనిపిస్తుంది. పూలతోటకు నీళ్ల కోసం అనంతాళ్వారు చెరువు తవ్వింది దానితోనేనని చెబుతారు. తిరుమలలో ఉండి స్వామికి పుష్పకైంకర్యం చేసేవారెవరని రామానుజాచార్యులు అడిగినప్పుడు, కొండ చలికి, అడవికి జంకకుండా ముందుకొచ్చిన శిష్యుడాయన. బ్రహ్మోత్సవాలు ముగిసిన మర్నాడు బాగ్ సవారీ వేడుకకు ఉత్సవమూర్తి మలయప్పస్వామి నేటికీ ఆయన తోటకే వేంచేస్తారు.

కొండ మీది పూలన్నీ స్వామికే. అక్కడ ఆడవాళ్లు తలలో పూలు పెట్టుకోరు. తిరుపతి బజారులో మూరల లెక్కన కొన్న కనకాంబరం మాల కూడా కొండ దిగువనే ఆగిపోవాలి. కానీ అదే కనకాంబరం పుష్పయాగం రోజున స్వామి చెంతకు చేరుతుంది.

పదిహేనో శతాబ్దిలో జరిగిన ఆ వేడుక కాలక్రమంలో ఆగిపోయింది. 1980 నవంబరు 14న తిరుమల తిరుపతి దేవస్థానం దాన్ని పునరుద్ధరించింది. ఏటా కార్తీకమాసంలో శ్రవణా నక్షత్రం నాడు చామంతి, సంపంగి, గన్నేరు, తామరలతో పాటు కనకాంబరాలూ టన్నుల కొద్దీ పూలరాశిలో కలుస్తాయి. వాసనే లేని పువ్వుకు ఇంతకన్నా గౌరవం ఏం కావాలి!

ఆ లోటు తీర్చడానికే మన ఆడవాళ్లు దాన్ని మల్లెలతోనో మరువంతోనో కలిపి కడతారు. కనకాంబరం గొప్పతనం దాని ఓపికలో ఉంది. కోసిన పువ్వు తొందరగా వాడదు. ఒకసారి నాటిన మొక్క కొన్నేళ్లపాటు పూస్తుంది. చిత్తూరు పల్లెల్లో ప్రహరీ వెంట వరుసగా, తులసికోట పక్కన, పట్నంలో మేడమీది కుండీలో, ఎక్కడైనా సర్దుకుపోతుంది.

దక్షిణ భారతం, శ్రీలంక దీని పుట్టిళ్లు. వృక్షశాస్త్రవేత్త లినేయస్ 1759లోనే దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. చలిదేశాల్లో ఆరుబయట బతకదు కాబట్టి అక్కడివాళ్లు ఇంట్లో కిటికీ దగ్గర కుండీలో పెంచుకుంటారు. 'మోనా వాల్‌హెడ్' అనే పొట్టి రకం అందుకు బాగా నప్పింది.

మన ఎండలకు మధ్యాహ్నం కాస్త నీడ దొరికితే చాలు. కుండీ అడుగున నీరు నిలిస్తే మాత్రం వేరు కుళ్లుతుంది. వేళ్లను పీల్చే నులిపురుగులే దీనికి అసలు శత్రువు. అందుకే రైతులు మట్టిలో వేపపిండి కలుపుతారు, మధ్యమధ్య బంతి వేస్తారు. పూత అయిపోయిన వెన్నులు తుంచేస్తే కొత్తవి వస్తాయి. నాలుగు వెన్నులు విత్తనానికి వదిలితే, ఎండిన కాయ తడి తగలగానే చిటపటమని పగిలి గింజల్ని దూరంగా విసురుతుంది. ఢిల్లీ కనకాంబరం అనే రకానికి ఆ వీలు లేదు, అది గింజ కట్టదు. ఆ రకం కావాలంటే పొరుగింటివాళ్లను ఒక కొమ్మ అడిగి తెచ్చి నాటుకోవాల్సిందే.