ఎవరూ వినని రెండో గొంతు

2017 జనవరి 31, బాగా పొద్దుపోయింది. జనం తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ వారి రెండో డేటాబేస్ సర్వరు మొదటిదానికి బాగా వెనకబడిపోయింది. మళ్లీ మొదటినుంచి నకలు తీయాలంటే ఆ రెండోదాని డైరెక్టరీ ఖాళీగా ఉండాలి. ఆ పని మీదున్న ఇంజనీరు తుడిచేసే ఆజ్ఞ ఇచ్చారు. తీరా చూస్తే అది మొదటి సర్వరు. ఒకటి రెండు సెకన్లలోనే గుర్తించి ఆపారు కానీ, సుమారు 300 జీబీలకు మిగిలింది 4.5.

ఆ చేతిని తప్పుపట్టి లాభం లేదు. పతనం అంతకుముందే జరిగిపోయింది, చప్పుడు లేకుండా.

బ్యాకప్ ఉందన్న ధీమాతో వెతికారు. క్లౌడ్‌లో దాని చోటు ఖాళీ! డేటాబేస్‌ది 9.6 వెర్షను, బ్యాకప్ తీసే పీజీ-డంప్‌ది 9.2. అది రోజూ లేచి, పొసగదని ఎర్రర్ చెప్పి, ఆగిపోయేది. చెప్పలేదని దాని మీద నింద వేయలేం. వేళకు పనులు నడిపే క్రాన్ ఆ మొర ఈమెయిల్లో పంపేది. ఆ మెయిళ్లకు పంపినవారిని ధ్రువీకరించే డీమార్క్ ముద్ర లేదని అవతలి సర్వరు గుమ్మంలోంచే తిప్పి పంపేది.

అసలు ప్రోగ్రాముల్లో ఎర్రర్‌కు విడిగా ఒక దారి ఊరికే రాలేదు. 1970లలో బెల్ ల్యాబ్స్‌లో ఫొటోటైప్‌సెట్టర్ మీద అచ్చుకిస్తే, కాగితాన్ని మందులో కడిగాక, ఫైలు తెరవలేకపోయానన్న ఒక్క వాక్యం ముచ్చటైన అక్షరాల్లో తేలేదట. ఆ విసుగులోంచే యూనిక్స్‌లో ఫలితానికి 1, ఫిర్యాదుకు 2 అని రెండు కాలువలు ఏర్పడ్డాయి. ఇప్పుడు స్క్రిప్టు తలమీద ఎగ్జెక్ అని రాసి, > గుర్తు పక్కన లాగ్ ఫైలు పేరు, ఆ తర్వాత 2>&1 పెడితే, అక్కణ్నుంచి రెండూ ఆ ఫైల్లోకే పారతాయి. వరస తారుమారైతే ఫిర్యాదు పాత దారినే పోతుంది. 2 అప్పటికి 1 ఎటు చూస్తోందో అటే తిరుగుతుంది మరి. రొద భరించలేక ఫిర్యాదును, ఏది వేసినా మాయమయ్యే డెవ్-నల్‌లోకి తోసేసేవాళ్లూ ఉన్నారు. నా లెక్కలో అది గొంతు నులమడమే. గిట్‌ల్యాబ్‌లో ఆ పాపం ఎవరూ చేయలేదు. దారి ఉంది, దాని చివర వినే మనిషే లేడు.

వేరే పని కోసం ఆరు గంటల ముందు ఎవరో చేత్తో తీసిన స్నాప్‌షాట్ ఒకటి అదృష్టవశాత్తు దొరికింది. దాన్ని నెమ్మది డిస్కుల మీదనుంచి తెచ్చి నిలబెట్టేసరికి మర్నాడు సాయంత్రమైంది. జనం రాసుకున్న కోడ్ భద్రంగానే ఉంది. ఆ ఆరు గంటల్లో డేటాబేస్‌కు చేరినవి మాత్రం, వాళ్ల అంచనా ప్రకారం దాదాపు 5,000 ప్రాజెక్టుల వివరాలు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాలు, తిరిగి రాలేదు.