వాకిట్లో కన్ను

పోయిన ఎండాకాలం, బాన్సువాడలో మా ఇంటి వరండాకు నేను పెట్టించిన కెమెరా మీద మా అమ్మ తువ్వాల కప్పింది. హైదరాబాద్‌లో ఆఫీసులో కూచుని ఫోన్ తెరిస్తే తెర నిండా నీలం గళ్లు. గుండె ఆగినంత పనైంది. వెంటనే ఫోన్ చేస్తే తాపీగా చెప్పింది: "తలకు పోసుకోని ఎంటికలు ఆరబెట్టుకుంటున్న. నువ్వు సూస్తున్నవో, ఇంకెవలు సూస్తున్నరో నాకేం తెలుస్తది బిడ్డా?"

నాకు కోపమొచ్చింది. నాన్న పోయాక ఆమె ఒక్కతే ఉంటోంది. మా వెనక వీధిలో ఒక ఇంటి తాళం పగలగొట్టారు. నేనూ తమ్ముడూ చెరో సగం డబ్బులేసి కెమెరా పెట్టించింది ఆమె కోసమే కదా! కానీ "ఇంకెవలు" అన్న మాట మాత్రం మనసులోంచి పోలేదు. రాత్రి ఆప్‌లో సెట్టింగులన్నీ తిప్పి చూశాను. కెమెరా బిగించిన కుర్రాడి ఫోన్ కూడా అందులో ఉంది. ఖాతా తెరిచిందీ, పాస్‌వర్డ్ పెట్టిందీ అతనే. "ప్రాబ్లం వస్తే నేను చూస్కుంటా మేడం" అన్నాడు ఆ రోజు. అతను చెడ్డవాడని కాదు. నాలుగు నెలలుగా మా అమ్మ కూచున్నా లేచినా, అతను చూడాలనుకుంటే చూడగలిగేవాడు. ఆ సంగతి అమ్మకు చెప్పలేదు. చెప్పడానికి ముఖం చెల్లలేదు.

అప్పట్నుంచి ఈ కన్ను మన ఇళ్లలోకి ఎట్లా వచ్చిందో చదవడం మొదలుపెట్టాను.

ఇంటికి కెమెరా అనే ఆలోచన పోలీసులదో కంపెనీలదో అనుకునేదాన్ని. కాదట. న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో ఉండే నర్సు, నల్లజాతి మహిళ మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ ఆలోచన అది. డ్యూటీ వేళలు ఒక తీరుగా ఉండవు, భర్త కూడా ఇంట్లో ఉండేది తక్కువ, పోలీసులను పిలిస్తే ఎప్పుడొస్తారో తెలియదు. 1966లో భర్త ఆల్బర్ట్‌తో కలిసి పేటెంటుకు దరఖాస్తు చేసింది. 1969 డిసెంబర్‌లో మంజూరైంది. తలుపుకు వేర్వేరు ఎత్తుల్లో రంధ్రాలు, వాటి వెంట పైకీ కిందికీ జరిగే కెమెరా, లోపల ఒక తెర, బయటివాళ్లతో మాట్లాడటానికి మైకు, మంచం మీంచే తలుపు తీసే మీట. గమనించాల్సింది ఒకటుంది. ఆ కెమెరా చూసేది తలుపు బయట నిలబడ్డవాణ్ని. ఆ బొమ్మ కనపడేది లోపల ఉన్న ఆమెకు. చూసే అధికారం ఇంట్లో ఉన్న మనిషిదే.

నేను మా అమ్మకు చేసింది సరిగ్గా దీనికి తలకిందులు. కెమెరా లోపలికి తిరిగింది, తెర మాత్రం బయటివాళ్ల చేతికొచ్చింది.

మా తాత కట్టిన ఇల్లు గుర్తొస్తుంది. 1931లో నిజాంసాగర్ పూర్తయ్యి, మంజీర నీళ్లు కాలువల్లో పారి, మా దిక్కు వరి పెరిగాక చుట్టుపక్కల ఇట్లాంటి ఇళ్లు లేచాయి. వీధి, అరుగు, దర్వాజ, నడుమిల్లు, వంటిల్లు, పెరడు. పాలేరు ఎక్కడిదాకా రావాలో, పట్వారీ ఎక్కడ కూచోవాలో, చుట్టం ఎక్కడ చెప్పులు విడవాలో ఇల్లే చెప్పేది. అందులో కులం ఉంది, ఆడవాళ్ల మీద ఆంక్ష ఉంది, దాన్ని పొగడటం నా ఉద్దేశం కాదు. కానీ ఎవరి కన్ను ఎంతదాకా రావచ్చో ఒక లెక్కంటూ ఉండేది. 'గోప్యత' కోర్టు కాగితాల మాట. మా అమ్మ మాటలు చాటు, మరుగు. అవి లేనివాళ్లకు అవెంత ముఖ్యమో తెలుసు, పొలాల గట్లకు పోయిన తరం కదా ఆమెది.

ఈ మరుగును మన రాజ్యాంగంలో మొదట వెతికినవాళ్లలో ఒక తెలుగువాడు ఉన్నాడు. రాజమండ్రికి చెందిన కోకా సుబ్బారావు. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే మనిషిని దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. వదిలేసినా పోలీసులు రాత్రిపూట వచ్చి తలుపు కొట్టేవారు, ఎక్కడికి పోతున్నాడో రాసుకునేవారు. 1962లో సుప్రీంకోర్టు రాత్రి తలుపు కొట్టడం తప్పంది గానీ, గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదని మెజారిటీ తేల్చింది. సుబ్బారావు ఒప్పుకోలేదు. ఆ మాట రాజ్యాంగంలో లేకపోయినా వ్యక్తిగత స్వేచ్ఛలో అది భాగమేనన్నాడు. కాళ్లకు సంకెళ్లు లేకపోయినా ప్రతి అడుగునూ కనిపెడుతుంటే మనిషి మనసు బందీ అవుతుందని వాదించాడు. జస్టిస్ షా ఆయన వెంట నిలిచాడు. ఆ మైనారిటీ తీర్పు గెలవడానికి 55 ఏళ్లు పట్టింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో 9 మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు.

ఆ 55 ఏళ్ల చివర్లోనే మన వీధుల్లో స్తంభాలకు కెమెరాలు మొలిచాయి. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలాయి. అదే ఏడాది ఉమ్మడి రాష్ట్రంలో ప్రజా భద్రత చట్టం వచ్చింది. జనం గుమిగూడే సంస్థలు కెమెరాలు పెట్టాలని, ఫుటేజీని 30 రోజులు దాచాలని చెప్పింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణలోనూ ఆ చట్టం కొనసాగింది. కాలనీవాళ్లు చందాలేసుకుని కెమెరాలు పెట్టే పథకానికి పోలీసులు 'నేను సైతం' అని పేరు పెట్టారు. శ్రీశ్రీని చదువుకున్న మనకు ఆ పేరు విన్నప్పుడల్లా కాస్త ఇబ్బందే. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో కమాండ్ కంట్రోల్ సెంటర్ ప్రారంభమైంది. ముఖాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ వాడకం మీద హైకోర్టులో కేసు కూడా పడింది.

వీధి కెమెరాల గురించి ఎంతో కొంత చర్చ నడుస్తోంది. ఇంటి కెమెరా సంగతి ఎవరూ అడగరు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, ఒక మనిషి తన సొంత లేదా ఇంటి అవసరానికి వాడే డేటాను పరిధిలోంచి తప్పించింది. యూరప్‌లో మాత్రం 2014లోనే ఒక గీత గీశారు. చెక్ దేశంలో ఒకాయన ఇంటి కిటికీలు ఎవరో పగలగొడుతుంటే కెమెరా పెట్టాడు. అది వీధినీ ఎదురింటి గుమ్మాన్నీ కూడా పట్టింది. అనుమానితులు దొరికారు. అయినా వీధిని చూసే కెమెరా పూర్తిగా ఇంటి వ్యవహారం కాదని యూరప్ న్యాయస్థానం తేల్చింది. మన దగ్గర 2025లో, ఒకే ఇంటిని పంచుకుంటున్న ఒక కుటుంబం గొడవలో, తోటివాళ్ల అనుమతి లేకుండా నివాస భాగంలో కెమెరాలు నడపకూడదని కలకత్తా హైకోర్టు చెప్పింది. సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. అది చదివినప్పుడు మొదట గుర్తొచ్చింది నీలం గళ్ల తువ్వాల. నేను అమ్మను అడగనే లేదు.

దసరాకు ఊరెళ్లినప్పుడు అడిగాను. "వీధి దిక్కు సూడాలె గని ఇంటి దిక్కు గాదు" అంది. ఆ ఒక్క మాట మీదే పని మొదలైంది.

పాతది విప్పేశాం. కొత్తది కొనేటప్పుడు షాపులో ఎన్ని మెగాపిక్సెళ్లని కాకుండా బొమ్మ ఎక్కడ దాస్తుందని అడిగాను. అన్నిటినీ కంపెనీ సర్వర్‌కు పంపేది వద్దన్నాను. 2023లో అమెరికా వాణిజ్య సంస్థ ఎఫ్‌టీసీ, రింగ్ కంపెనీ ఉద్యోగి ఒకడు ఆడవాళ్ల పడగ్గదుల, స్నానాల గదుల వీడియోలు చూశాడని ఆరోపించింది. ఆ కేసు 58 లక్షల డాలర్లతో పరిష్కారమైంది. అందుకే మెమరీ కార్డులోనే దాచుకునేది తీసుకున్నాం. లెక్క సులువే: సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున ఆగకుండా రికార్డు చేస్తే రోజుకు సుమారు 21 జీబీ. 128 జీబీ కార్డులో ఐదారు రోజులు పడుతుంది, ఆ తర్వాత పాతది తుడిచి దాని మీదే రాస్తుంది. మాకు అంతకన్నా అక్కర్లేదు. కార్డునే ఎత్తుకుపోతే? అందుకే కెమెరా నిచ్చెన లేకుండా అందనంత ఎత్తున పెట్టాం. ఇంకో సంగతి, ఇంటర్నెట్‌కు కలిసే సీసీ కెమెరాలకు 2025 ఏప్రిల్ నుంచి మన ప్రభుత్వం భద్రతా పరీక్షలు తప్పనిసరి చేసింది. ఆ సర్టిఫికెట్ ఉందా అని అడిగితే షాపతను వింతగా చూశాడు, కానీ వెతికి చూపించాడు.

పాస్‌వర్డ్ అమ్మ పెట్టింది. ఏం పెట్టిందో ఇక్కడ రాయను. 2016లో మిరాయ్ అనే వైరస్ లక్షల కెమెరాల్లో, రౌటర్లలో దూరింది కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్‌ను ఎవరూ మార్చకపోవడం వల్లే. బిగించిన మనిషికి ఖాతా లేదు. ఆప్‌లో అమ్మా నేనూ మాత్రమే, రెండో తాళంగా ఫోన్‌కు ఓటీపీ. వైఫైలో కెమెరాకు వేరే గెస్ట్ నెట్‌వర్క్. రౌటర్‌లో బయటి నుంచి దానంతటదే దారి తెరిచే యూపీఎన్‌పీ ఆపేశాం. మైకు ఆపేశాం, గేటు దగ్గర నిలబడి ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకునేది దాచిపెట్టే హక్కు మాకెక్కడిది? రికార్డింగ్ రాత్రి 10 నుంచి తెల్లారి 5 దాకే. పగలు ఆమె ఊరెళ్తే ఆమే ఆన్ చేస్తుంది.

చూపు గేటు మీదికే వంచాం. వరండా రాదు. ఎంత వంచినా ఎదురింటి దర్వాజ ఓ మూలకు తగులుతూనే ఉంది. సెట్టింగుల్లో ప్రైవసీ మాస్క్ అని ఒకటుంటుంది. వేలితో గీసినంత మేర నల్లగా మూసేస్తుంది, ఆ భాగం రికార్డు కూడా కాదు. గీశాను.

ఇదంతా చేశాక భయం పూర్తిగా పోయిందా అంటే పోలేదు. అర్ధరాత్రి ఫోన్ మోగితే ఉలిక్కిపడతాను. ఇప్పటిదాకా వచ్చింది కుక్కలూ, ఓ రాత్రి దారి తప్పిన దూడానే. పగలు అమ్మను చూడాలనిపిస్తే మాత్రం ఇప్పుడు ఫోన్ చేయాల్సిందే. కెమెరా ఉన్న నాలుగు నెలల్లో ఆమెకు చేసిన ఫోన్లు ఎంత తగ్గాయో కాల్ లిస్టు చూస్తే గానీ నాకు తెలియలేదు.

మొన్న ఎదురింటి పిన్ని వచ్చి అనుమానంగా అడిగిందట: "అక్కా, మా ఇల్లు గిట్ల కనపడ్తదా దాంట్ల?" అమ్మ ఫోన్ తెరిచి ఆ నల్ల డబ్బా చూపించిందట.

"అగో, మీ దర్వాజకు పరదా ఏసినం సూడు."